టవర్ కింద అయిదు గంటలు

నిన్న రాత్రి మూడో భాగం అయిపోయేసరికి పన్నెండున్నర దాటింది. సెలవులకొచ్చిన మా బిడ్డ "నాయినా, ఇది నువ్వు చూడాలె" అని ఫోన్ల పెట్టిచ్చి పండుకున్నది. కింద వచ్చే అక్షరాలు చదువుకుంట, అర్థం కాని కాడ వెనక్కి తిప్పుకుంట ఒక్కన్నే చూసిన. అయిపోయినంక నిద్ర పట్టలే. లేచి వాకిట్ల కూసున్న. బాదేపల్లి మార్కెట్ దిక్కు ఒక లారీ పోయిన చప్పుడు తప్ప ఏం లేదు. 2010 ఏప్రిల్‌ల ఒక టవర్ కింద నిలబడి నేనన్న మాట ఒకటి యాదికొచ్చింది. దాని సంగతి ఇంట్ల కూడ సగమే చెప్పిన. ఇయ్యాల మొత్తం రాస్త.

ముందు ఆ సీరియల్ గురించి. పేరు 'కిడ్నాప్ అండ్ ర్యాన్సమ్'. ర్యాన్సమ్ అంటే ఎత్తుకపోయిన మనిషిని ఇడిసిపెట్టేటందుకు అడిగే పైసలు. బ్రిటన్ల ఐటీవీ ఛానెల్ 2011 జనవరిల మూడు భాగాలు వేసింది, 2012ల ఇంకో మూడు. ట్రెవర్ ఈవ్ అనే నటుడు డామినిక్ కింగ్ అయి కనవడ్తడు. ఆయన పని, ఎత్తుకపోయినోళ్లతోటి మాట్లాడి మనిషిని పాణంతోటి ఇంటికి తెచ్చుడు. పోలీసు కాదు, మిలిటరీ కాదు. మొదటి కథల దక్షిణాఫ్రికాల మొక్కల మీద పరిశోధన చేసే ఆడమనిషిని ఎత్తుకపోతరు. రెండో కథ మన కాశ్మీర్‌ల నడుస్తది. ఒక కుటుంబాన్ని ఇడిపిచ్చుకునే పని చెడిపోయి, ఎత్తుకపోయినోళ్లు టూరిస్టులున్న బస్సును పట్టుకుంటరు.

నాకు పట్టుకున్నది కథ కాదు, ఆ మనిషి. ఆయన ఒక మనిషిని తిరిగి తేలేకపోయిన బరువుతోటే కథ మొదలైతది. ఆ బరువు ఎవరికీ చెప్పడు. మళ్ల ఫోన్ మోగితే మళ్ల ఎత్తుతడు. గొంతు పెంచడు. అవతలోడు ఎంత అరిచినా ఆయన గొంతు అదే మట్టానికి ఉంటది. ఆ గొంతు ఎట్ల పట్టాల్నో నాకు జర తెలుసు. అట్ల పట్టుడు ఎంత కష్టమో ఇంకా బాగ తెలుసు.

ఇదొక కొలువు ఉంటదని నేనెన్నడూ ఇనలే. పంటల బీమా తెలుసు, బర్ల బీమా తెలుసు. మనిషిని ఎత్తుకపోతే పైసలిచ్చే బీమా కూడ ఉన్నదట. 1932ల అమెరికాల విమానాలు నడిపే లిండ్‌బర్గ్ పసికొడుకును ఎత్తుకపోయినంక ఆ భయంల పుట్టిందట ఈ బీమా, లండన్ లాయిడ్స్‌ల. డామినిక్ కింగ్ అసుంటోళ్ల జీతం ఆ దిక్కు నుంచే వస్తది.

ఇగ నా సంగతి. నేను కరెంటు డిపార్ట్‌మెంటుల హెల్పర్‌గ చేరి, లైన్‌మన్ అయి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గ రిటైరైన. ఆ ఏప్రిల్‌ల ఒక పొద్దుగాల, ఎనిమిదిన్నరకు, ఫోనొచ్చింది. చెరువు కట్ట కాడ టవర్ మీద మనిషున్నడని. చెరువు దాటిచ్చేటందుకు 33 కేవీ, అంటే 33 వేల వోల్టుల లైనుకు అటొకటి ఇటొకటి టవర్లు ఏసి ఉండె. బండి తీసి, దారిలకెల్లే సబ్ స్టేషన్‌కు ఫోన్ కొట్టి ఫీడర్ బంద్ పెట్టమన్న. ఆపరేటర్ పిలగాడు "ఎల్సీ రాయకుండ ఎట్లన్నా?" అన్నడు. ఎల్సీ అంటే లైన్ క్లియర్, లైన్ బంద్ పెట్టేటందుకు రాసుకునే కాయితం. "తర్వాత రాద్దాం, ముందు బ్రేకర్ పడగొట్టు" అన్న. 33 కేవీని ముట్టుకునే పని లేదు, దగ్గరికి పోతేనే గుంజుకుంటదని కొత్తగా వచ్చిన పిల్లలకు మేం చెప్తుంటిమి.

పోయి చూస్తే టవర్ పాదం కాడ చెప్పులు. జత, పక్కపక్కన, గుడి ముంగట ఇడిసినట్టు ఇడిసి పెట్టి ఉన్నయి. వంగి చూసిన. రెండిటికీ మడిమల కాడ బొక్కలు పడి మట్టి కనవడ్తున్నది. ఒకదాని ఉంగటం తెగితే సన్న కరెంటు తీగతోటి కట్టుకున్నడు. చెప్పులరిగేటట్టు తిరిగిండని మాటకు అంటం. అరిగిన చెప్పులు నిజంగ అట్ల ఉంటయని ఆనాడే చూసిన.

తలెత్తి చూస్తే పైన, తీగలను పట్టి ఉంచే పింగాణి గిన్నెలకు మూడు మూరల కింద, అడ్డ కడ్డీ మీద కూసున్నడు. ఇరవై ఆరు, ఇరవై ఏడేండ్ల పిలగాడు. కాళ్లు కిందికి యాలాడేసిండు. ఒక చేత్తోటి ఇనుము పట్టుకున్నడు, ఇంకో చేతుల ప్లాస్టిక్ కవర్, అండ్ల కాయితాలు. కట్ట మీద అప్పటికే వందమంది. వాళ్ల అవ్వ గట్టు మీద కూలవడి ఏడుస్తున్నది. ఆయన పేరు ఇక్కడ రాయ, ఊరి పేరు రాయ. కానీ ఆనాడు అవ్వను అడిగి తెలుసుకున్న మొదటి సంగతి ఆ పేరే. పేరు పెట్టి పిలిచి, "తమ్మీ, నేను కరెంటోన్ని. నీకు తాకకుండ లైన్ బంద్ జేపిచ్చిన. అయినా తీగ ముట్టకు, ఎక్కడన్న ఎవడన్న జనరేటర్ పెడితే ఎనకకెల్లి వస్తది" అన్న. వాడు కిందికి చూసిండు. అప్పటిదాంక "దిగు, దిగు" అన్నోళ్లే తప్ప, నీకు కరెంటు తాకొద్దని చూస్తున్న అన్నోడు ఒక్కడు లేడు.

"ఎందుకెక్కినవు?" అని నేను అడగలే. దప్పికైతుందా అని అడిగిన. చాన సేపటికి "ఎనిమిది నెలలాయె సారూ" అన్నడు.

"ఎనిమిది నెలలా?"

"నాయిన సచ్చిపోయి ఏడాది. విరాసత్ కోసం ఎనిమిది నెలల నుంచి తిరుగుతున్న."

"తిరుగుతున్నవా?"

"పోయినప్పుడల్ల రేపు రా అంటరు."

ఆనాడు నాకు వేరే మాట దొరకక, వాడు అన్నదాని కొస పట్టుకొని తిరిగి అడుగుకుంట పోయిన. మొన్న బిడ్డ చెప్పింది, ఇది అమెరికా ఎఫ్‌బీఐ తన మనుషులకు నేర్పే విద్య అట. అవతలి మనిషి ఆఖరి మాటను మనం పలికితే తర్వాతి మాట అతనే చెప్తడట. మా తాత పంచాతుల్ల ఇట్లనే చేస్తుండె. "అట్లనా?" అంటుండె, గంతే. అంతకంటె ఎక్కువ మాట్లాడితే అతను పెద్దమనిషి కాడని అంటుండె.

సంగతి ఏందంటే, రెండెకరాల పది గుంటలు. నాయిన పేరు మీద పహాణిల, అంటే సర్కారు భూమి లెక్కలల్ల, ఉన్నది. నాయిన పోయినంక కొడుకు పేరు ఎక్కాలె, అదే విరాసత్. కాయితాలన్ని పెట్టిండు. ఒకనాడు సంతకం లేదన్నరు, ఒకనాడు సార్ లేడన్నరు, ఒకనాడు ఫైలే లేదన్నరు. పాస్‌బుక్కు లేక బ్యాంకుల లోను రాలే, బయట తెచ్చిన అప్పుకు మిత్తి పెరిగింది. ఏ దఫ్తర్, ఏ మండలం అన్నది అడగొద్దు, రాయ.

గంట గడిచింది. రెండు గంటలు గడిచినయి. ఈ సమయమే అసలు కష్టం. ఆ 33 కేవీ మీద రెండు సబ్ స్టేషన్లు బతుకుతయి. అప్పట్ల వ్యవసాయానికి రోజుకు ఏడు గంటల కరెంటు. యాసంగి వరి పొట్ట మీదున్నది. నేను లైన్ బంద్ పెట్టిన ప్రతి గంట రైతుల గంటే. నా ఫోన్ ఆగకుండ మోగుతున్నది. "లైన్ ఎప్పుడిస్తరు?" అని సర్పంచులు, "పొలం ఎండుతున్నదన్నా" అని తెలిసినోళ్లు, "ఎంతసేపయ్యా?" అని మా పెద్దసార్లు. ఒక్కడి కోసం ఇరవై ఊర్లు ఆపుతవా అన్నోళ్లు ఉన్నరు. వాళ్ల కోపంల నాకు తప్పు కనవడలే, వాళ్ల పంట వాళ్లది. కానీ లైన్ ఇయ్యలే. ఫోన్ సైలెంట్‌ల పెట్టి జేబుల ఏసుకున్న.

1975 డిసెంబర్‌ల లండన్ల, బాల్కోంబ్ స్ట్రీట్ల, నలుగురు తుపాకులోళ్లు మొగుడు పెండ్లాలను వాళ్ల ఇంట్లనే పట్టుకొని కూసుంటే, పోలీసోళ్లు ఆరు రోజులు మాట్లాడుకుంట ఆగిండ్రు. ఆఖరికి ఆ నలుగురే చేతులెత్తి బయటికొచ్చిండ్రు. ఆరు రోజులు. నాకు మూడో గంటకే అందరూ తొందరవెట్టిండ్రు. ఆగుడు కూడ ఒక పనే అని, అది ఉత్తగ కూసునుడు కాదని, ఎదుటోనికి నమ్మకం కలిగేటట్టు చెప్పుడు నాకు అప్పుడు రాలే.

పదకొండున్నరకు ఒక జీపొచ్చింది. దిగిన సారు టవర్ మొఖాన నిలబడి వేలు చూపెట్టి, "దిగుతవా లేదా, కేసు పెట్టమంటవా?" అని గట్టిగ అరిచిండు. పిలగాడు లేచి నిలబడ్డడు. రెండు చేతులతోటి పైకి పాకి, గిన్నెలకు తలకాయ ఆనేటంత దగ్గరికి పోయిండు. కవర్ జారింది. కాయితాలు గాలికి చెరువు మీద పడ్డయి. వాళ్ల అవ్వ అరిసిన అరుపు ఇప్పటికీ నా చెవుల్నే ఉన్నది. నేను సారు చెయ్యి పట్టుకొని, "సార్, మీ కాళ్లు మొక్కుత, జీపు కట్ట అవతల పెట్టియ్యుండ్రి" అన్న. పెట్టిచ్చిండు. అందుకు ఆయనకు ఇప్పటికీ దండం పెడ్త.

మా హెల్పర్ పిలగాడు ఒకడు ఎవరూ చెప్పకుండనే ప్యాంటు మోకాళ్ల దాంక మడిచి చెరువులకు దిగిండు. కాయితాలు ఒక్కొక్కటి ఏరి, వాటిని కట్ట రాళ్ల మీద ఎండేసిండు, ఎగిరిపోకుండ గులకరాళ్లు పెట్టిండు. పైనున్నోడు అదంత చూసిండు. నా మాటల కంటె ఆ ఎండేసుడే ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. కింద తన కాయితాలను ఎవడో కాపాడుతున్నడని వానికి కనవడ్డది. మళ్ల కూసున్నడు. తాడు మీద నీళ్ల సీసా పంపితే అందుకున్నడు. "అవ్వను నీడకు పోమనరాదె" అన్నడు.

అప్పుడు నేను ఆ మాటన్న.

"తమ్మీ, దిగు. పదిహేను రోజులల్ల నీ విరాసత్ నేను చేపిస్త. నీ మీద కేసు కాకుండ చూస్త. ఇది నా మాట."

"నీ మాటనా అన్నా?"

"నా మాట."

దిగిండు. టైం ఒకటిన్నర. కింద కాలు పెట్టంగనే ముందు చెప్పులేసుకున్నడు, తర్వాత అవ్వ దిక్కు పోయిండు. పోలీసులు జీపెక్కిచ్చుకున్నరు. జనం చప్పట్లు కొట్టిండ్రు, నన్ను పైకి లేపిండ్రు. సాయంత్రానికి కేసు అయింది. పదిహేను రోజులైనయి, విరాసత్ కాలే. నేను లైన్ ఇన్‌స్పెక్టర్ని, ఆ దఫ్తర్‌ల నా మాటకు ఏం విలువ? నాలుగుసార్లు పోయిన. నాలుగుసార్లూ రేపు రమ్మన్నరు. అయిదోసారి పోలే. ఆ పిలగాడు ఎనిమిది నెలలు తిరిగిండు, నేను నాలుగుసార్లకే ఆగిపోయిన.

సీరియల్ చూసినంక బిడ్డను అడిగి ఈ పని పుట్టుక గురించి చదివిపిచ్చుకున్న. 1972ల మ్యూనిక్ ఒలింపిక్స్‌ల పదకొండు మంది ఇజ్రాయెల్ క్రీడాకారులు, కోచ్‌లు చనిపోయిండ్రు. అది చూసినంక న్యూయార్క్ పోలీసులు, తుపాకి కంటె ముందు మాట ఉండాలని, 1973ల దీనికోసమే ఒక జట్టు కట్టిండ్రు. హార్వే ష్లాస్‌బర్గ్ అని సైకాలజీ చదివిన డిటెక్టివ్, ఫ్రాంక్ బోల్జ్ అని ఇంకో పోలీసు అధికారి. వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు ఒకటి నన్ను కొట్టినంత పని చేసింది. మాట్లాడేటోడు హుకుం ఇయ్యొద్దు, హుకుం ఇచ్చేటోడు మాట్లాడొద్దు. అంటే నీ చేతుల లేనిది నువ్వు ఇస్తా అనొద్దు. "పైవాళ్లను అడిగి చెప్త" అనాలె. అది పిరికి మాట కాదు. దానితోటి సమయం దొరుకుతది, మాట తప్పే పని ఉండదు. నేను ఆనాడు "సారును ఇక్కడికే పిలిపిస్త, నీ ముంగటనే అడుగుత, ఏమంటడో నువ్వే ఇను" అనుంటే సరిపోవు. ఇంకో రెండు గంటలు పట్టు. పట్టనీ.

ఈ మాట రాస్తుంటే హరగోపాల్ సారు యాదికొస్తున్నడు. షాద్‌నగర్ పక్క మొగిలిగిద్ద ఆయనది, మన పాత పాలమూరు జిల్లానే. ఆ సీరియల్ బ్రిటన్ల వచ్చిన మరుసటి నెలనే, 2011 ఫిబ్రవరి 16న, ఒడిశాల మల్కన్‌గిరి కలెక్టర్ వినీల్ కృష్ణను మావోయిస్టులు పట్టుకపోయిండ్రు. మన తెలుగు పిలగాడు. మధ్యవర్తులుగ హరగోపాల్ సారును, సోమేశ్వరరావు సారును పిలిచిండ్రు. ఇద్దరూ ప్రొఫెసర్లు. వాళ్లు భువనేశ్వర్ పోయి సర్కారుతోటి ఒక్కొక్క డిమాండ్ మీద కూసోని మాట్లాడిండ్రు. 24న కలెక్టర్ బయటికొచ్చిండు. మళ్ల ఏడాదికి, 2012 ఏప్రిల్ 21న, ఛత్తీస్‌గఢ్‌ల సుక్మా కలెక్టర్ అలెక్స్ పాల్ మీనన్. ఆనాడు ఆయన గార్డులిద్దరిని చంపిండ్రు. ఈసారి కూడ హరగోపాల్ సారు, ఆయనతోటి ఒకప్పుడు బస్తర్ కలెక్టర్ చేసిన బీడీ శర్మ గారు. కలెక్టర్‌కు ఆస్తమా. మందులు పట్టుకొని మాజీ ఎమ్మెల్యే మనీష్ కుంజాం అడవిలకు పోయిండు. మే 3న మధ్యవర్తులు అడవిలకెల్లి కలెక్టర్‌ను తీసుకొచ్చిండ్రు.

మందులు అడవిలకు పోయినయంటే రెండు దిక్కులా మనిషి మీద ఇంకా ధ్యాస ఉన్నదన్నట్టు. మా కట్ట మీద కాయితాలు ఎండేసినట్టే అది నాకు కనవడ్డది.

సుక్మా ఒప్పందంల ఇంకొకటి ఉన్నది. జైళ్లల్ల మగ్గుతున్న ఆదివాసుల కేసులు తిరిగి చూడటానికి నిర్మలా బుచ్ గారి కింద ఒక కమిటీ వెయ్యాలని రాసుకున్నరు, వేసిండ్రు. మాట కాయితం మీద పెట్టి, సర్కారు తరఫున వచ్చినోళ్లతోటి సంతకం పెట్టిచ్చుకున్నరు మధ్యవర్తులు. 1987 డిసెంబర్‌ల గుర్తేడు కాడ నక్సలైట్లు పట్టుకపోయిన అధికారులల్ల ఎస్.ఆర్. శంకరన్ గారున్నరు. పట్టుకపోయినోళ్ల మీద పగ పట్టకుండ, పదేండ్లకు ఆయననే పౌర స్పందన వేదిక పెట్టి, హరగోపాల్ సారు అసుంటోళ్లను కలుపుకొని, సర్కారును నక్సలైట్లను మాట్లాడుకొమ్మని ఏండ్ల తరబడి తిరిగిండు. 2004ల హైదరాబాద్‌ల చర్చలు జరిగినయంటే ఆ తిరుగుడు వల్లనే. ఆయన నాలుగుసార్లకు ఆగలే. మాట్లాడే పని అంటే నాకు ఆయననే.

సీరియల్‌ల డామినిక్ కింగ్ మంచిగ చేసిండు, అండ్ల అబద్ధం లేదు. ఒకటే కొదువ అనిపిచ్చింది. మనిషి ఇంటికొచ్చేదాంకనే కథ. ఇంటికొచ్చినంక ఆరు నెలలకు, ఏడాదికి ఆ మనిషి ఎట్లున్నడని పోయి చూసే భాగం ఒకటి ఉంటే బాగుండు. నేనైతే అదే చూడాలనుకుంట.

2014ల, పల్లికాయ సీజన్ల, బాదేపల్లి మార్కెట్ యార్డుల ట్రాన్స్‌ఫార్మర్ చూసి వస్తుంటే ఎవరో ఎనకకెల్లి "అన్నా" అన్నరు. తిరిగి చూస్తే వాడే. గడ్డం పెంచిండు, మనిషి గట్టిపడ్డడు. పల్లికాయ బస్తాల మీద కూసున్నడు. నాకు మొఖం చూపియ్యబుద్ధి కాలే. ఛాయ్ తాగుదాం రా అన్నడు. గేటు కాడి హోటల్ల కూసున్నం. కేసు కొట్టేసిండ్రని చెప్పిండు. వాయిదాలకు రెండేండ్లు తిరిగిండట.

"విరాసత్?" అన్న.

"పోయినేడు అయిందన్నా. అవ్వ పోయినంక నాలుగు నెలలకు."

నేను గ్లాసు దిక్కు చూసుకుంట, "నాలుగుసార్లు పోయిన తమ్మీ. మళ్ల పోలే" అన్న.

"నాలుగుసార్లు పోయినవా?" అన్నడు. వాడు నిజంగనే ఆశ్చర్యపోయిండు. "నాకు తెల్వదన్నా. ఒక్కసారన్న పోయినవని కూడ అనుకోలే."

ఛాయ్ పైసలు నేనిస్త అంటే ఇయ్యనియ్యలే. వాడే ఇచ్చిండు. లేచేటప్పుడు కింద చూసిన. కాళ్లకు కొత్త చెప్పులున్నయి.